ఇంటి నడుమ ఆకాశం

కొత్త ఇళ్లకు సొగసు తెస్తున్న పాత సెహన్

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి హడావిడి నాలుగు రోజుల్లో ముగిసిపోతుంది. ఇల్లు అలా కాదు. ఒకసారి ఎలా కట్టామో అలాగే మనల్ని ముప్పై, నలభై ఏళ్లు ఉంచుతుంది. గాలి వచ్చేలా కడితే గాలిలో ఉంచుతుంది, ఉక్క పోసేలా కడితే ఉక్కలోనే ఉంచుతుంది. అందుకే ఇల్లు కట్టబోయే ప్రతి కుటుంబం ముందుగా నాలుగు మంచి ఇళ్లు చూసి రావాలని తాపీ మేస్త్రీలు కూడా చెబుతారు.

ఇప్పుడు మంచి ఇళ్లు చూడడానికి ఊళ్లు తిరగనక్కర లేదు. అద్దాల మేడలు, మెట్ల పక్కన జలపాతాలు, గదంతా పరుచుకున్న సోఫాలు, పైకప్పులో దాచిన రంగు దీపాలు... బొమ్మలకు కొదవ లేదు. చూసినవన్నీ బాగానే ఉంటాయి. అయితే ప్రపంచం మెచ్చుకున్న ఆధునిక గృహాలను కాస్త నిదానంగా పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. వాటిలో చాలా ఇళ్లకు అందం తెచ్చింది పాలరాయీ కాదు, అద్దమూ కాదు. ఇంటి నడుమ ఖాళీగా వదిలిన కాస్తంత జాగా. ఆ జాగాకు పైకప్పు ఉండదు, ఆకాశమే కప్పు. మన దాదీలు, నానీలు దాన్ని సెహన్ అనేవారు. కోనసీమ వాళ్లు మండువా అంటారు. విచిత్రమేమిటంటే, ఎక్కడెక్కడి వాస్తుశిల్పులో దాన్ని వెతికి మరీ తెచ్చుకుంటుంటే, మనం మాత్రం ఉన్నదాని మీద స్లాబు పోసుకుంటున్నాం.

మనకు తెలిసిన ఇల్లే

హైదరాబాద్ పాతబస్తీలో దేవిడీలు చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. వీధి వైపు ఎత్తయిన గోడ, పెద్ద దర్వాజా. బయట నుంచి చూస్తే లోపల ఏముందో తెలియదు. లోపలికి అడుగు పెడితే విశాలమైన సెహన్, నడుమ నీళ్ల హౌజ్, చుట్టూ కమానుల దాలాన్, దాలాన్ వెనుక గదులు. వచ్చినవారు దీవాన్‌ఖానాలో కూర్చుంటారు. ఇంటి ఆడవారి సెహన్ వేరుగా ఉంటుంది. అక్కడ గోషాకు లోటు రాకుండానే ఎండ, గాలి, వెన్నెల మూడూ అందుతాయి.

నవాబుల సంగతి అలా ఉంచండి. నాలుగు గదుల సామాన్యుడి ఇంట్లోనూ చిన్న సెహన్ ఉండేది. ఒక మూల నీళ్ల తొట్టి, ఒక మూల జామచెట్టో దానిమ్మ చెట్టో, గోడవారగా ఒక తఖ్త్. పొద్దున అక్కడే బియ్యం ఏరేవారు, మధ్యాహ్నం అక్కడే పచ్చళ్లు ఎండబెట్టేవారు, రాత్రి అక్కడే మంచాలు వేసుకుని పడుకునేవారు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు, కేరళ నాలుకెట్టు, తమిళనాడులోని చెట్టినాడు ఇళ్లు కూడా ఇదే సూత్రం మీద నిలబడ్డాయి. మతం ఏదైనా, కులం ఏదైనా వేడి దేశంలో ఇల్లు కట్టేవాడు నేర్చుకున్న మొదటి పాఠం ఇదే.

ఈ పాఠంలో శాస్త్రం ఉంది. పగలంతా ఎండను తాగిన మిద్దెలు, నేల రాత్రివేళ ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి సెహన్‌లోకి దిగి, చుట్టూ ఉన్న గదుల్లోకి పాకుతుంది. తెల్లవారాక కూడా ఆ చల్లదనం చాలాసేపు నిలుస్తుంది. ఎందుకంటే ఎత్తయిన గోడల నీడ వల్ల సెహన్ నేల మీద ఎండ నేరుగా పడేది నడిపొద్దునే. ఆ వేళకు అక్కడి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, గదుల్లోని గాలిని తన వెంట లాగుతుంది. ఎక్కడో ఒక కిటికీ తెరిచి ఉంటే చాలు, కొత్త గాలి లోపలికి వస్తుంది. కరెంటు ఖర్చు లేని పంకా అన్నమాట.

కైరో నేర్పిన పాఠం

ఈ విద్యను ఆధునిక ప్రపంచానికి మళ్లీ గుర్తు చేసినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతహీ. 1900లో పుట్టి 1989లో కన్నుమూశారు. ఆయన యువకుడిగా ఉన్న రోజుల్లో ఈజిప్టులో డబ్బున్నవారంతా యూరప్ తరహా బంగళాల మోజులో ఉండేవారు. ఫతహీ మాత్రం కైరో పాత వీధుల్లోకి వెళ్లి పాత ఇళ్లను చదువుకున్నారు.

అలాంటి పాత ఇళ్లలో బైత్ అల్ సుహైమీ ఒకటి. 1648లో కట్టిన ఆ ఇంటిని 1796లో పెంచారు. ఇప్పుడది మ్యూజియం. దర్వాజా దాటగానే దారి వంపు తిరుగుతుంది. తలుపు తెరిచి ఉన్నా వీధిలో పోయేవారికి లోపలి మనుషులు కనిపించరు. ఇతరుల ఇళ్లలోకి అనుమతి అడిగి, సలాం చెప్పి గానీ ప్రవేశించవద్దని సూరా నూర్ నేర్పిన మర్యాదను ఆ తాపీ మేస్త్రీలు గోడల్లోనే కట్టి చూపారని చెప్పాలి. వంపు దాటితే సెహన్. ఆ సెహన్‌కూ వెనుక తోటకూ మధ్య తఖ్తబోష్ అనే కప్పు ఉన్న సావడి. తోట పెద్దది, ఎండ పడి త్వరగా వేడెక్కుతుంది. సెహన్ చిన్నది, నీడలో చల్లగా ఉంటుంది. చల్లని వైపు నుంచి వేడి వైపుకు గాలి నడుస్తుంది. ఆ దారిలో కూర్చున్నవారికి విసనకర్రతో పని లేదు.

పై అంతస్తు కిటికీలకు చెక్క జాలీలు. వాటిని మష్రబియ్యా అంటారు. ఈ జాలీ ఐదు పనులు చేస్తుందని ఫతహీ వివరించారు. వెలుతురును అదుపులో ఉంచుతుంది, గాలిని నడిపిస్తుంది, గాలిలో వేడి తగ్గిస్తుంది, పొడిగాలికి తేమ అందిస్తుంది, లోపలివారికి చాటునిస్తుంది. జాలీ దగ్గర నీళ్ల కూజాలు పెట్టేవారు. గాలి తగిలి కూజాలో నీళ్లు చల్లబడేవి, ఆ కూజాలను తాకిన గాలీ చల్లబడేది. ఒక్క కిటికీలో ఇంత ఆలోచన!

ఫతహీ 1946లో లగ్జర్ సమీపంలో న్యూ గూర్నా అనే గ్రామ నిర్మాణం మొదలుపెట్టారు. పచ్చి ఇటుకలతో, చెక్క ఆసరా లేకుండానే కమాను కప్పులు వేసే నూబియన్ మేస్త్రీలను అస్వాన్ ప్రాంతం నుంచి రప్పించారు. మసీదు, బజారు, బడి, ఇళ్లు అన్నీ చూడముచ్చటగా వచ్చాయి. అయినా గ్రామం పూర్తి కాలేదు. పురాతన సమాధుల మీద కాపురముంటున్న పాత గూర్నా ప్రజలు తమ ఇళ్లు, తమ బతుకుతెరువు వదిలి అక్కడికి రావడానికి ఇష్టపడలేదు. ఇల్లు ఎంత అందంగా ఉన్నా అందులో ఉండవలసినవారి బతుకుతో ముడిపడకపోతే అది బొమ్మగానే మిగులుతుందని ఆ గ్రామం చెప్పిన రెండో పాఠం. ఆ అనుభవం గురించి ఫతహీ రాసిన పుస్తకం 1973లో అమెరికాలో వెలువడి, ప్రపంచమంతటా వాస్తుశిల్ప విద్యార్థుల చేతుల్లోకి వెళ్లింది.

సముద్రపు ఒడ్డున హలావా ఇల్లు

గురువు నాటిన విత్తనం శిష్యుడి చేతిలో పూసింది. అబ్దుల్ వాహిద్ అల్ వకీల్ ఫతహీ బాటలో నడిచిన వాస్తుశిల్పి. అలెగ్జాండ్రియా దగ్గర అగమీ అనే సముద్ర తీరంలో ఒక కుటుంబం సెలవులు గడపడానికి ఆయన కట్టిన హలావా ఇల్లు 1975లో పూర్తయింది. చుట్టూ కాంక్రీటు విల్లాలు సముద్రం వైపు ముఖం పెట్టి నిలబడితే, ఈ ఇల్లు మాత్రం తన హృదయాన్ని లోపలికి పెట్టుకుంది.

స్థలం పెద్దది కాదు. గదులన్నీ ఒక సెహన్ చుట్టూ అమరాయి. సెహన్‌లో చిన్న ఫౌంటెన్, పక్కన కమానుల వసారా, పైగాలిని పట్టి లోపలికి దింపే గాలిగూడు. సున్నపురాతి గోడలు, ఇటుక గుమ్మటాలు, చెక్క జాలీలు. కూర్చోవడానికి గోడలోనే కట్టిన అరుగులు, వస్తువులు పెట్టుకోవడానికి గోడలోనే గూళ్లు. పైన సముద్రాన్ని చూడడానికి ఒక ఎత్తయిన సావడి. తెల్లటి గోడల మీద జాలీ నీడలు పొద్దుతో పాటు కదులుతుంటాయి. అలంకారమంటూ వేరే పెట్టనక్కర లేకుండా, ఎండే ఆ ఇంటికి అలంకారం.

ఈ ఇంటికి 1980లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించింది. 1977లో నెలకొల్పిన ఆ పురస్కారాలను తొలిసారి ఇచ్చింది ఆ ఏడాదే. హసన్ ఫతహీకి ప్రత్యేక పురస్కారం అందింది కూడా అప్పుడే. గురుశిష్యులిద్దరినీ ఒకే వేదిక గౌరవించింది. ఈ పురస్కారంలో మరో మంచి సంప్రదాయం ఉంది. బహుమతి వాస్తుశిల్పికి మాత్రమే పరిమితం కాదు. కట్టిన మేస్త్రీలను, కట్టించుకున్న యజమానులను కూడా అందులో గుర్తిస్తారు. ఇల్లు అనేది ఒక్కరి ప్రతిభ కాదు గదా!

కొలంబోలో రెండు ఇళ్లు

ఈజిప్టుది ఎడారి గాలి. మరి వానలు కురిసి, చెమట పట్టే దేశంలో సెహన్ పనికి వస్తుందా? ఈ ప్రశ్నకు శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా జవాబు చెప్పారు. 1919లో పుట్టిన బావా 2003లో మరణించారు. ఆయనకు 2001లో ఆగాఖాన్ ప్రత్యేక పురస్కారం లభించింది.

బాతిక్ కళాకారిణి ఈనా డి సిల్వా కుటుంబం కోసం కొలంబోలో బావా కట్టిన ఇల్లు 1962లో పూర్తయింది. అప్పట్లో కొలంబోలో ఇల్లంటే నడుమ బంగళా, చుట్టూ తోట. ఊరు పెరిగి స్థలాలు చిన్నవయ్యేసరికి ఆ తోట కాస్తా నాలుగు వైపులా నాలుగడుగుల సందుగా మిగిలిపోయింది. బావా ఆ లెక్కను తిరగేశారు. ఇంటిని ప్రహరీ గోడ దాకా జరిపి, మిగిలిన జాగానంతా నడుమకు తెచ్చారు. రాళ్లు పరిచిన పెద్ద సెహన్, అందులో చెట్టు, చుట్టూ స్తంభాల వసారాలు, పెంకుల కప్పు. వాన పడితే వసారాలో కూర్చుని చూడవచ్చు. గదులన్నిటికీ రెండు వైపుల నుంచి గాలి. సింహళంలో ఇలాంటి నడిమి ముంగిలిని మేద మిదుల అంటారు. పాత సింహళ ఇళ్లలో ఉన్నదాన్నే ఆయన కొత్త పట్నానికి తెచ్చారు.

ఈ ఇంటి మీద మమకారం ఎంతటిదంటే, స్థలం చేతులు మారినప్పుడు, 2009 తర్వాత దాన్ని రాయి రాయి విప్పి, లునుగంగలోని బావా తోటకు తరలించి మళ్లీ నిలబెట్టారు. పడగొట్టడం ఒక్కరోజు పని. విప్పి కట్టడానికి ఏళ్లు పట్టింది.

బావా సొంత ఇల్లు ‘నంబర్ 11’ మరో ముచ్చట. కొలంబోలోని ఒక సందులో వరుసగా ఉన్న నాలుగు చిన్న ఇళ్లను 1958 మొదలుకొని సుమారు పదేళ్లలో ఒక్కొక్కటిగా కలుపుకుంటూ ఒకే ఇల్లుగా మార్చారు. తెల్లని నడవ, నడవ పక్కన పైనుంచి వెలుతురు జారే చిన్న చిన్న బావుల్లాంటి ఖాళీలు, ఒకచోట నీళ్ల తొట్టి, ఒకచోట ఒంటరి చెట్టు, పాత ఇళ్ల నుంచి తెచ్చిన స్తంభాలు, తలుపులు. ఒక్క ఖాళీ కూడా పెద్దది కాదు. కానీ ఏ గదిలో కూర్చున్నా ఎక్కడో ఒకచోట ఆకాశపు తునక కనిపిస్తుంది. చిన్న స్థలం ఉన్నవారు తప్పక గమనించవలసిన ఇల్లు ఇది.

సికింద్రాబాద్‌లో పుట్టినవాడు

మన గడ్డ మీద పుట్టిన చార్లెస్ కొరియా కూడా జీవితమంతా ఈ మాటే చెప్పారు. 1930లో సికింద్రాబాద్‌లో జన్మించిన కొరియా 2015లో ముంబైలో కన్నుమూశారు. హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. కార్యాలయ భవనం ఆయన రూపకల్పనే. మన వాతావరణంలో ఆకాశం కింది జాగా కూడా ఒక గదే, దాని విలువ లెక్కలో వేసుకోవాలి అన్నది ఆయన వాదన.

1961-62లో అహ్మదాబాద్‌లో ఆయన కట్టిన ‘ట్యూబ్ హౌస్’ వెడల్పు సుమారు 12 అడుగులు, పొడవు 60 అడుగులు. తక్కువ ఆదాయ కుటుంబాల కోసం గుజరాత్‌లో జరిగిన పోటీలో మొదటి బహుమతి పొందిన నమూనా అది. ఇరుకైన గొట్టం లాంటి ఆ ఇంట్లో కప్పును వాలుగా లేపి, పైన సందు వదిలారు. వేడిగాలి వాలు వెంట పైకి పోతుంది, తలుపు పక్కన తిప్పుకునే చెక్క పలకల గుండా చల్లగాలి లోపలికి వస్తుంది. నడుమ ఒక చిన్న సెహన్. ఈ ఇంటిని 1995లో కూల్చేశారు. కానీ ఆ గీత మాత్రం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో బతికే ఉంది.

1968 నాటి పరేఖ్ ఇంట్లో కొరియా మరో అడుగు వేశారు. ఒకే ఇంట్లో రెండు భాగాలు. ఒకటి కింద వెడల్పుగా, పైకి పోనుపోను ఇరుకుగా ఉండే ఎండాకాలపు భాగం. మిట్టమధ్యాహ్నం అందులో ఉంటారు. రెండోది ఆకాశానికి తెరుచుకునే చలికాలపు భాగం. చలికాలంలోనూ, ఎండాకాలపు సాయంత్రాల్లోనూ అక్కడికి మారతారు. పొద్దును బట్టి ఇంట్లోనే కాపురం మార్చుకోవడం మన పెద్దలకు తెలిసిన విద్యే. పగలు దాలాన్, సాయంత్రం సెహన్, రాత్రి మిద్దె!

జాలీ గోడల బేకర్

ఇవన్నీ డబ్బున్నవారి ముచ్చట్లు అనుకునేవారు తిరువనంతపురం వెళ్లి లారీ బేకర్ ఇళ్లు చూడాలి. ఇంగ్లండులో 1917లో పుట్టి, మన దేశ పౌరుడై, 2007లో కేరళలోనే కన్నుమూసిన బేకర్ ఖరీదైన వస్తువు జోలికి పోలేదు. ఆయన అందమంతా ఎర్ర ఇటుకలోనే. ఇటుకల మధ్య సందులు వదులుతూ కట్టిన జాలీ గోడ కిటికీ పని చేస్తుంది. చెక్క ఫ్రేము, అద్దం, ఇనుప చువ్వ ఏదీ అక్కరలేదు. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, దొంగ రాడు, బయటివారి చూపు పడదు.

ఇటుకను పక్కకు నిలబెట్టి, నడుమ బోలు వదిలి కట్టే పద్ధతిని ఆయన విస్తృతంగా వాడారు. దాన్ని ర్యాట్‌ట్రాప్ బాండ్ అంటారు. ఈ పద్ధతిలో నాలుగో వంతు దాకా ఇటుకలు మిగులుతాయి. గోడలోని బోలు బయటి వేడిని లోపలికి రాకుండా ఆపుతుంది. స్లాబు కింది భాగంలో కాంక్రీటుకు బదులు పెంకులు అమర్చి సిమెంటు ఆదా చేసే పద్ధతి కూడా ఆయన ప్రచారం చేసిందే. కింద నుంచి చూస్తే ఆ పెంకులే పైకప్పుకు డిజైను. ఖర్చు తగ్గించిన చోటే అందం పుట్టడం అంటే ఇదే.

పేదవాడి ఇంటికీ సొగసు

సొగసు పేదవారికి అక్కరలేదా? ఇండోర్‌లోని అరణ్య కాలనీ ఈ ప్రశ్నకు జవాబు. బాలకృష్ణ దోషీ రూపొందించిన ఈ కాలనీలో సుమారు 6,500 ఇళ్ల స్థలాలు. అన్నిటికన్నా చిన్నది 35 చదరపు మీటర్లు. పేద కుటుంబానికి స్థలం, పునాది, నీళ్లు, మరుగుదొడ్డి ఇచ్చి, మిగిలిన ఇంటిని వారి వీలును బట్టి కట్టుకోనిచ్చారు. అరుగులు, బయటి మెట్లు, బాల్కనీలు, ఇళ్ల మధ్య చిన్న ముంగిళ్లు... వీధే అందరికీ సెహన్ అయింది. 1995లో ఈ కాలనీకి ఆగాఖాన్ పురస్కారం లభించింది. దోషీ 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి భారతీయుడయ్యారు. 2023లో కన్నుమూశారు.

బంగ్లాదేశ్ వాస్తుశిల్పి మరీనా తబస్సుమ్ రూపొందించిన ‘ఖుదీ బాడీ’ ఇంకా చిన్నది. పేరుకు అర్థమే చిన్న ఇల్లు. వెదురు బొంగులు, ఇనుప కీళ్లతో రెండంతస్తులు. నదీ లంకల్లో వరద వస్తే పై అంతస్తులోకి ఎక్కుతారు. లంకే కోసుకుపోతే ఇంటిని విప్పి మరోచోట నిలబెట్టుకుంటారు. 2025లో ఆగాఖాన్ పురస్కారం పొందిన నిర్మాణాల్లో ఇదీ ఒకటి. హలావా ఇల్లు ఉన్న జాబితాలోనే ఈ వెదురు ఇల్లూ చేరిందంటే, సొగసుకు కొలత డబ్బు కాదని ఒప్పుకోక తప్పదు.

గది లోపల ఏముండాలి?

గోడల సంగతి అయింది. ఇక లోపలి అలంకరణ. పైన చెప్పుకున్న ఇళ్లన్నిటిలో ఒక పోలిక ఉంది. వాటిలో సామాను తక్కువ. కూర్చోవడానికి కట్టుడు అరుగులు, పెట్టుకోవడానికి గూళ్లు. మన పాత ఇళ్లలో గోడకు ఉండే తాఖ్ ఇదే గదా! గోడలో ఒక గూడు వదిలితే ఒక అల్మారా కొనే పని తప్పుతుంది, గది ఇరుకు కాదు.

ఎత్తు సోఫాలకు బదులు ఒక తఖ్త్, దాని మీద పరుపు, రెండు గావ్‌తకియాలు వేసి చూడండి. గది వెంటనే పెద్దదిగా కనిపిస్తుంది. పదిమంది వస్తే నేల మీద చాందినీ పరచవచ్చు. దస్తర్‌ఖాన్ పరిస్తే అదే భోజనాల గది. ఒకే గది మూడు గదుల పని చేస్తుంది. ఈ రోజుల్లో బహుళ ప్రయోజన గది అని పేరు పెట్టి గొప్పగా చెబుతున్నది దీన్నే.

నేలకు మన తాండూరు, బేతంచెర్ల, కడప బండలు ఉండనే ఉన్నాయి. నున్నగా పాలిష్ పెట్టిస్తే వాటి అందం దేనికీ తీసిపోదు. ఎండాకాలంలో పాదానికి చల్లగా ఉంటాయి. వాటి మీద 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంఖానా ఒకటి పరచండి. గుమ్మాలకు పెడన కలంకారీ పర్దా, ఒక గూట్లో బిద్రీ పాత్ర. పది ప్లాస్టిక్ పూలగుత్తుల కన్నా ఇలాంటి ఒక్క వస్తువు ఇంటికి హుందాతనం తెస్తుంది. తెల్లటి గోడ మీద మంచి చేతిరాత ఉన్న ఒక్క కతబా చాలు. గోడ నిండా తగిలిస్తే ఏదీ కళ్లకు ఆనదు.

పైకప్పు కింద మరో దొంగ కప్పు దించి, అందులో డజన్ల కొద్దీ దీపాలు బిగించే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. పది అడుగుల గదిని తొమ్మిది అడుగులు చేసుకోవడానికి డబ్బు పోయడమే అది. పడమటి ఎండకు ఎదురుగా అద్దాల గోడ పెట్టడం కూడా అంతే. చలి దేశాల్లో ఎండను లోపలికి రప్పించి ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి అద్దం వాడతారు. మనకు ఆ వెచ్చదనం అక్కరలేదు. తెచ్చుకున్నాక దాన్ని బయటికి తరమడానికి నెలనెలా కరెంటు బిల్లు కట్టాలి.

నూట యాభై గజాల్లో వీలవుతుందా?

అందరికీ వచ్చే సందేహం ఇది. లెక్క వేసి చూద్దాం. నూట యాభై గజాలంటే 1,350 చదరపు అడుగులు. ఇంటి నడుమ 6 అడుగులు, 8 అడుగుల జాగా వదిలితే పోయేది 48 చదరపు అడుగులు. అంటే మొత్తంలో ఇరవై ఎనిమిదో వంతు. వంటగది, లోపలి పడకగది, మెట్లు ఈ జాగా వైపు తెరుచుకునేలా పెడితే మూడింటికీ పగలు దీపం అక్కరలేదు. రెండంతస్తుల ఇంట్లో ఈ మాత్రం సెహన్‌కు గోడల నీడే గొడుగు.

దొంగలు, దోమలు, కోతులు, వాన... ఈ నాలుగు భయాలూ న్యాయమైనవే. పైన గట్టి ఇనుప గ్రిల్లు వేస్తే దొంగలకు, కోతులకు అడ్డు. గది కిటికీలకు వల బిగిస్తే దోమల బాధ ఉండదు. వాన నీటికి నేలను కాస్త వాలుగా చేసి, జాలి మూత పెట్టి, గొట్టం ద్వారా ఇంకుడు గుంతకు పంపితే ఆ నీరు బోరుకు పనికి వస్తుంది. సెహన్ నేల గదుల కన్నా ఆరంగుళాలైనా పల్లంగా ఉండాలి. ఈ పని స్లాబు వేయకముందే మేస్త్రీతో మాట్లాడుకోవాలి. తర్వాత చేయబోతే ఖర్చు రెట్టింపు.

ఊరిని బట్టి కూడా ఆలోచించాలి. కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి పొడిగాలి ఊళ్లలో నీళ్ల తొట్టి, కుండీ మొక్కలు గాలిని చల్లబరుస్తాయి. మచిలీపట్నం, కాకినాడ, విశాఖల్లో గాలిలో తేమ ముందే ఎక్కువ. అక్కడ ఫౌంటెన్ పెడితే ఉక్క పెరుగుతుందే గానీ తగ్గదు. అక్కడ సెహన్ పని గాలిని ఒకవైపు నుంచి మరోవైపుకు నడిపించడం. కాబట్టి ఎదురెదురు కిటికీలు ముఖ్యం.

అపార్టుమెంటులో ఉన్నవారూ నిరాశ పడనక్కర లేదు. బాల్కనీని అద్దాలతో మూసి గదిలో కలిపేయకండి. చెక్క జాలీయో, వెదురు తడకో పెట్టి, నాలుగు కుండీలు ఉంచితే చాటు ఉంటుంది, గాలీ ఉంటుంది. అదే మీ మష్రబియ్యా. మిద్దె మీది ఇంట్లో ఉండేవారు పైకప్పుకు తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగో వేయిస్తే తేడా మొదటి వారమే తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది కూడా ఈ కారణంతోనే.

అసలు లెక్క

ఇల్లు కట్టేటప్పుడు మనం వేసే లెక్కల్లో ఒక లోపం ఉంది. వీధి వైపు గోడకు రాయి అతికించడానికి, గేటుకు, ముందుగది పైకప్పుకు లక్షలు పోస్తాం. చూసేది ఎవరు? దారిన పోయేవారు, పండుగకు వచ్చే చుట్టాలు. రోజులో ఎక్కువ గంటలు ఇంట్లో ఉండేది మాత్రం ఇల్లాలు, ముసలివారు, పసిపిల్లలు. వారు ఉండేది ముందుగదిలో కాదు. వెనుక వంటగదిలో, కిటికీ లేని లోపలి గదిలో. ఇంటి ఖర్చంతా వీధికి, ఇంటి చీకటంతా ఇంటివారికి! పరదా పాటించే ఇంట్లో ఇది మరీ అన్యాయం. బయటికి తక్కువగా వెళ్లేవారికి ఇంట్లోనే ఆకాశం కనిపించాలి. మన పెద్దలు సెహన్ వదిలింది అందుకే. చాటు అంటే చీకటి కాదని వారికి తెలుసు.

అన్నదమ్ముల పంపకాలు వచ్చినప్పుడు తొలి గోడ సెహన్ మధ్యలోనే లేస్తుంది. తర్వాత ఎవరి సగం మీద వారు రేకులో, స్లాబో వేసుకుంటారు. ఇద్దరికీ ఒక్కో గది పెరుగుతుంది, ఇద్దరి ఇళ్లలోనూ పగలే దీపం వెలుగుతుంది. పంపకం తప్పదు, ఎవరి వాటా వారిది. కానీ కాగితం రాసుకునేటప్పుడే సెహన్‌ను ఉమ్మడిగా ఉంచుకుని, దాని మీద ఎవరూ కట్టకూడదని ఒక్క షరతు చేర్చుకుంటే రెండు ఇళ్లూ బతుకుతాయి. వదినా మరదళ్లకు బట్టలారేసుకునే తాడు, పిల్లలకు ఆడుకునే జాగా, పండుగనాడు అందరూ కలిసి కూర్చునే చోటు మిగులుతాయి.

అందమైన ఇళ్లను మెచ్చుకోవడంలో తప్పు లేదు. హలావా ఇంటి జాలీ నీడలు, బావా తెల్లని నడవలు, బేకర్ ఇటుక గోడలు ఎవరైనా ముచ్చటపడదగినవే. మెచ్చుకున్నాక వాటిలో నేర్చుకోదగ్గది ఏమిటో ఆలోచించాలి. పాత ఇల్లు ఉన్నవారు సెహన్ మీద స్లాబు పోసే ముందు ఒక్క ఎండాకాలం ఆగి చూడండి. కొత్త ఇల్లు కట్టేవారు నక్షా గీయించే రోజున ఇంజనీరు ముందు ఇల్లాలిని, అమ్మను కూర్చోబెట్టండి. గాలి ఎటు నుంచి కావాలో, వెలుతురు ఎక్కడ పడాలో వారినే అడగండి. ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండబోయేది వారే.